సెన్సర్ మూడోసారి మార్చే ముందు

పేరు వేయొద్దని కోరిన ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. బండి వాళ్ల నాన్నగారిది, 1987 మోడల్ పోర్షే 911 కరేరా. అమెరికా మార్కెట్ కోసం తయారైంది కాబట్టి ఫ్యాక్టరీ నుంచే కెటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించేది), ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసేది)తో వచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా నాన్నగారే నడిపారు, బాగోగులన్నీ ఆయనే చూసుకున్నారు. ఆయిల్ మార్చినా, ప్లగ్గులు మార్చినా కిలోమీటర్లతో సహా ఒక నోట్‌బుక్‌లో రాసుకునేవారు. మోకాళ్ల నొప్పులతో క్లచ్ తొక్కలేక రెండేళ్ల కిందట తాళాలు కొడుకు చేతిలో పెట్టారు.

నాన్న డెబ్బై ఐదో పుట్టినరోజుకి సర్‌ప్రైజ్ ఇద్దామని ఈయన పాత సైలెన్సర్, కన్వర్టర్ తీయించి కొత్త స్టెయిన్‌లెస్ స్టీల్ ఎగ్జాస్ట్ వేయించారు. ఇంజన్ కుడి పక్క నుంచి ఒక గొట్టం, ఎడమ పక్క నుంచి ఒక గొట్టం విడివిడిగా వెనక్కి వెళ్తాయి. కన్వర్టర్ లేదు. సెన్సర్ కోసం ఎడమ గొట్టానికి మరలున్న చిన్న రింగు వెల్డింగ్ చేశారు. వర్క్‌షాప్ నుంచి నేరుగా ఇంటికి తెచ్చి, గేటు ముందు ఇంజన్ ఆపకుండానే నాన్నని పిలిచారు. ఆయన వచ్చి రెండు నిమిషాలు నిలబడి విని, "శబ్దం సంగతి తర్వాత, ముందు ఐడిల్ చూడు" అని లోపలికి వెళ్లిపోయారట. (ఐడిల్ అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే తీరు.) అప్పటి నుంచి బండి ఊసే ఎత్తడం లేదు.

ఇప్పుడు బండి పరిస్థితి ఇది. చల్లగా స్టార్ట్ చేస్తే బాగానే ఉంటుంది. నాలుగైదు నిమిషాలకి ఐడిల్ ఊగడం మొదలవుతుంది, పెట్రోల్ వాసన గుప్పుమంటుంది. గొట్టాల చివర వేలు పెడితే నల్లటి మసి. యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా వెనక టపటపమని పేలుతుంది. మైలేజీ పడిపోయింది. పూర్తిగా తొక్కితే మాత్రం బ్రహ్మాండంగా పోతుంది. సెన్సర్ ఇప్పటికే రెండుసార్లు మార్చారు, తేడా లేదు. ఒక మెకానిక్ సెన్సర్ ప్లగ్ పీకేసి, కుదుటపడిన ఐడిల్‌ని చూపించి "దీన్ని తీసి పారెయ్యండి" అన్నాడు. ఇంకొకాయన "పాతవన్నీ తిరిగి బిగించెయ్యండి" అన్నాడు. ఒక స్నేహితుడేమో సెన్సర్ కింద స్పేసర్, అంటే దాన్ని పైకి లేపే చిన్న గొట్టం ముక్క, పెట్టమంటున్నాడు. "ఈ గొడవలో మా ఆవిడ అసలు బండే ఎక్కనంటోంది. చలికాలంలో హీటర్ వేసుకుని వెళ్తే అరగంటకే తలనొప్పి అంటుంది, శబ్దం పడటం లేదేమో" అని ఒక వాక్యం రాశారు. చివర్లో రెండు ప్రశ్నలు: ఏ కంపెనీ సెన్సర్ కొనాలి, నాన్నకి ఏం చెప్పాలి?

రెండింటికీ వస్తాను. ముందు మీరు అడగని సంగతి ఒకటి ఉంది. మీరు మధ్యలో ఒక్క వాక్యంలో దాటేసిన ఆ తలనొప్పి.

మీ బండిది గాలితో చల్లబడే ఇంజన్. మామూలు కార్లలో హీటర్‌కి వేడి రేడియేటర్ నీళ్ల నుంచి వస్తుంది. దీనికి ఆ నీళ్లు లేవు. ఎగ్జాస్ట్ గొట్టాల చుట్టూ రేకు తొడుగులు ఉంటాయి, వాటినే హీట్ ఎక్స్ఛేంజర్లు అంటారు. ఫ్యాన్ గాలి ఆ తొడుగుల్లోంచి, వేడెక్కిన గొట్టాల్ని ఒరుసుకుంటూ, మీ కాళ్ల దగ్గరికి వస్తుంది. గొట్టం బాగున్నంత కాలం ఏ బాధా లేదు. తొడుగు లోపల ఎక్కడైనా గొట్టానికి చిల్లు పడినా, సిలిండర్ హెడ్ దగ్గర జాయింట్ లీకైనా, ఎగ్జాస్ట్ పొగ హీటర్ గాలిలో కలిసి నేరుగా క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. మీ ఇంజన్ ఇప్పుడు పెట్రోల్ ఎక్కువగా తాగుతోంది, పైగా కన్వర్టర్ లేదు. ఇలాంటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ మామూలు కంటే చాలా ఎక్కువ వస్తుంది. ఆ విషం ఎక్కుతోందనడానికి మొదటి గుర్తుల్లో ఒకటి తలనొప్పి.

ఆమె తలనొప్పి దీనివల్లేనని ఇక్కడ కూర్చుని తేల్చి చెప్పలేను. కాదని తేలేదాకా ఔనని అనుకునే నడుచుకోండి. బండి దిగి బయట గాలిలో కాసేపు ఉంటే తగ్గిపోతోందేమో ఆమెని అడగండి. మీకెందుకు రావడం లేదంటారా? ఒంటరిగా వెళ్లినప్పుడు కిటికీ దించుకుని ఆ కొత్త శబ్దం వింటూ నడుపుతుంటారు, నా అనుమానం అది. లీకు ఎక్కడుందో తెలిసేదాకా ఆ బండిలో ఎవర్నీ ఎక్కించుకోకండి, హీటర్ ముట్టుకోకండి, షెడ్డులో తలుపు వేసి ఇంజన్ ఆన్ చేయకండి. తప్పనిసరై కదిలించాల్సి వస్తే కిటికీలు దించి, అంకె చూపించే చిన్న కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి పక్కన పెట్టుకోండి. తల తిరిగినా, వికారంగా ఉన్నా వెంటనే ఆపి దిగిపోయి డాక్టరుకి చూపించుకోండి.

ఇక సెన్సర్.

మొదటి కార్ల ఆక్సిజన్ సెన్సర్‌ని బాష్ తయారుచేస్తే 1976లో వోల్వో కార్లలో పెట్టారు. నిర్మాణం చాలా సాదా. కుట్టుపని చేసేవాళ్లు వేలికి తొడుక్కునే అంగుస్తాను లాంటి జిర్కోనియా పింగాణీ ముక్క, దానికి లోపలా బయటా పలచటి ప్లాటినం పూత. బయటి వైపు ఎగ్జాస్ట్ పొగ తగులుతుంది, లోపలి వైపు మామూలు గాలి ఉంటుంది. దాదాపు 300 డిగ్రీలు దాటి వేడెక్కాక, రెండు వైపులా ఉన్న ఆక్సిజన్‌లో తేడాని బట్టి కొద్దిపాటి వోల్టేజీ పుడుతుంది. పొగలో ఆక్సిజన్ దాదాపు లేకపోతే, అంటే పెట్రోల్ ఎక్కువైతే, 0.8 నుంచి 0.9 వోల్ట్. ఆక్సిజన్ మిగిలితే, అంటే పెట్రోల్ తక్కువైతే, 0.1 నుంచి 0.2. ఒక వంతు పెట్రోల్‌కి 14.7 వంతుల గాలి ఉన్న చోట ఈ రెండింటి మధ్య ఒక్కసారిగా దూకుతుంది. ఇంజన్ కంప్యూటర్ ఆ దూకుడు చూసుకుంటూ కాస్త పెట్రోల్ పెంచి, కాస్త తగ్గించి, ఆ గీత చుట్టూనే తిరుగుతుంటుంది.

ఇక్కడొక మెలిక ఉంది. సెన్సర్‌కి పెట్రోల్ వాసన తెలియదు. దానికి తెలిసింది ఆక్సిజన్ ఒక్కటే.

సెన్సర్‌కి ముందు, ఇంజన్ వైపు ఎక్కడో ఒక జాయింట్‌లో సన్నటి సందు ఉందనుకోండి. పొగ బయటికి పోతుంది సరే, బయటి గాలి లోపలికెలా వస్తుందని మీకు అనిపించవచ్చు. ఎగ్జాస్ట్ కుళాయి నీళ్లలా ఏకధాటిగా పోదు. వాల్వు తెరుచుకున్నప్పుడల్లా ఒక దెబ్బలా వస్తుంది, ఆ దెబ్బ వెళ్లిపోయాక వెనక క్షణం పాటు ఒత్తిడి పడిపోతుంది. ఆ క్షణంలో సందులోంచి గాలి లోపలికి పీల్చుకుంటుంది. ఐడిల్‌లో దెబ్బల మధ్య ఖాళీ ఎక్కువ, పొగ తక్కువ, కాబట్టి అప్పుడే ఇది బాగా బయటపడుతుంది. ఆ గాలిలోని ఆక్సిజన్ చూసి సెన్సర్ "పెట్రోల్ తక్కువైంది" అంటుంది. కంప్యూటర్ నమ్మి పెంచుతుంది. ఎంత పెంచినా బయటి గాలి వస్తూనే ఉంటుంది, సెన్సర్ అదే మాట అంటూనే ఉంటుంది. కంప్యూటర్ తనకున్న హద్దు దాకా పెట్రోల్ పోసేస్తుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలోని లక్షణాలన్నీ దీని పక్కన పెట్టి చూడండి. చల్లగా ఉన్నప్పుడు కంప్యూటర్ సెన్సర్ మాట వినదు, అందుకే బాగుంటుంది. వేడెక్కగానే వినడం మొదలుపెడుతుంది, గొడవ మొదలవుతుంది. పూర్తిగా తొక్కినప్పుడు మళ్లీ సెన్సర్‌ని పక్కన పెట్టి తనలో రాసి ఉన్న లెక్కనే వాడుతుంది, అందుకే బ్రహ్మాండంగా పోతుంది. ప్లగ్ పీకితే కుదుటపడటానికీ కారణం ఇదే. యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే టపటపలు వేడి గొట్టంలో మిగిలిన పెట్రోల్ ఆవిరికి బయటి గాలి తోడై అంటుకోవడం వల్ల. మసి, వాసన, మైలేజీ సంగతి వేరే చెప్పక్కర్లేదు. పాత సెన్సర్ గానీ, తర్వాత కొన్న రెండు గానీ చెడిపోయి ఉండకపోవచ్చు. మూడూ ఒకే మాట చెప్పాయి, మీరు రెండుసార్లూ చెప్పినవాడినే మార్చారు.

దీన్ని మొదట పట్టుకున్నది మీ నాన్నగారు, గమనించారా? ఆయన "పాత శబ్దమే బాగుంది" అనలేదు, "ఎందుకు మార్చావు" అనలేదు. వేడెక్కిన ఇంజన్ పక్కన రెండు నిమిషాలు నిలబడి "ఐడిల్ చూడు" అన్నారు. ఇరవై ఏళ్లు ఆ ఇంజన్‌ని విన్న మనిషి చేసిన రోగనిర్ధారణ అది. మీరు దాన్ని అలకగా తీసుకున్నారు. బహుమతి ఇచ్చినవాళ్లకి ఎవరికైనా అలాగే వినిపిస్తుంది లెండి.

లీకు వెతకడం ఇంట్లో చేసుకోగలిగిన పనే. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి. గాలి బయటికి ఊదే సౌకర్యమున్న వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని ఒక ఎగ్జాస్ట్ గొట్టం చివర పెట్టి, చుట్టూ గుడ్డతో బిగించండి. మీ గొట్టాలు విడివిడివి కాబట్టి ఒక వైపు చూశాక రెండో గొట్టానికీ ఇలాగే చేయాలి. క్లీనర్ ఆన్ చేసి, సబ్బునీళ్లు కలిపిన స్ప్రేతో ఒక్కో జాయింట్ మీదా కొట్టుకుంటూ వెళ్లండి. లీకున్న చోట బుడగలు పొంగుతాయి. పెద్ద లీకైతే నురుగు చిమ్ముతుంది, సన్నదైతే ఆవగింజల్లాంటి బుడగలు వరసగా వస్తాయి, టార్చి వేసి చూస్తే తప్ప కనపడవు. సిలిండర్ హెడ్‌కి గొట్టాలు బిగించే ఆరు చోట్లా చూడండి, గొట్టంలో గొట్టం దూరి క్లాంపుతో బిగించిన చోట చూడండి. అన్నిటికంటే ముఖ్యంగా సెన్సర్ కోసం వెల్డింగ్ చేసిన ఆ రింగు చుట్టూ చూడండి. పలచటి స్టెయిన్‌లెస్ గొట్టం మీద హడావిడిగా చేసిన వెల్డింగ్‌లో సూదిమొన చిల్లులు ఉండటం వింతేమీ కాదు, అక్కడి చిల్లు సరిగ్గా సెన్సర్ మూతి దగ్గరే గాలి ఊదుతుంది. హీటర్ గాలి గొట్టాల దగ్గరా చెవి పెట్టండి. ఎగ్జాస్ట్‌లోకి ఊదిన గాలి అక్కడ సుయ్యిమని వస్తోందంటే తలనొప్పికి కారణం దొరికినట్టే.

హెడ్ దగ్గర లీకు తేలితే మాత్రం మీరు చెయ్యి పెట్టకండి. గొట్టాల్ని హెడ్‌కి పట్టి ఉంచే ఈ ఇంజన్ల ఎగ్జాస్ట్ స్టడ్‌లు విరగడంలో పేరుమోసినవి. ముప్ఫై ఏళ్లకు పైగా వేడికి కాలి తుప్పుపట్టిన స్టడ్ మీద రెంచి వేసి బలం చూపిస్తే నట్టు ఊడదు, స్టడ్ తెగుతుంది. తెగిన ముక్కని హెడ్ లోంచి తీయడం పెద్ద తలనొప్పి. వేడి చేసి, నూనె పట్టించి, ఓపిగ్గా తీసే అలవాటున్న మెకానిక్ చేతికే ఇవ్వండి. గాస్కెట్లు ప్రతిసారీ కొత్తవి వేయమనండి, ఒకసారి నలిగినవి మళ్లీ సరిగ్గా కూర్చోవు. జాయింట్లకి మామూలు సిలికాన్ సీలెంట్ పూశారేమో కూడా కనుక్కోండి. దాని ఆవిరి సెన్సర్ మీద పొరలా పేరుకుని చంపేస్తుంది. అలా పూసి ఉంటే మీ కొత్త సెన్సర్ నిజంగానే పోయి ఉండొచ్చు.

లీకు బాగయ్యాక సెన్సర్‌ని పరీక్షించండి, ఏ కంపెనీది కొనాలన్న ప్రశ్న ఆ తర్వాతే. డిజిటల్ మల్టీమీటర్ చాలు. ఈ మోడల్ సెన్సర్‌కి మూడు వైర్లు ఉంటాయి: రెండు తెల్లవి సెన్సర్ లోపలి చిన్న హీటర్‌కి, నల్లది సిగ్నల్‌కి. తెల్ల వైర్ల మధ్య రెసిస్టెన్స్ కొద్ది ఓమ్‌లు చూపిస్తే హీటర్ బతికి ఉన్నట్టు. నల్ల వైరు మీద మాత్రం ఓమ్‌ల సెట్టింగ్ పెట్టకండి, మీటర్ పంపే కరెంటుకే సెన్సర్ పాడవొచ్చు. అక్కడ వోల్టేజీ మాత్రమే చూడాలి. బాగా వేడెక్కిన ఇంజన్‌ని నిమిషానికి 2,000 తిరుగుళ్లకి కాస్త పైన పట్టి ఉంచితే అంకె 0.1కీ 0.9కీ మధ్య ఆగకుండా అటూ ఇటూ ఊగుతుండాలి. కింద 0.1 దగ్గరే అతుక్కుపోయి, పెట్రోల్ వాసన వస్తుంటే ఇంకా ఎక్కడో గాలి దూరుతోంది. లేదా ఏదో సిలిండర్ సరిగ్గా మండటం లేదు. మండని సిలిండర్ నుంచి పెట్రోల్‌తో పాటు వాడని ఆక్సిజన్ కూడా వస్తుంది, సెన్సర్‌కి అదొక్కటే కనపడుతుంది. అలాంటప్పుడు ప్లగ్గులు, ప్లగ్ వైర్లు చూడాలి. పైన 0.9 దగ్గర అతుక్కుని వాసన వస్తుంటే కథ వేరు, పెట్రోల్ నిజంగానే ఎక్కువ వస్తోంది, కంప్యూటర్ తగ్గించలేకపోతోంది. అప్పుడు ఫ్యూయల్ ప్రెషర్ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

మీ స్నేహితుడి స్పేసర్ సలహా గురించి ఒక్క మాట. ఆ కిటుకు అమెరికాలో 1996 మోడల్ నుంచి వచ్చిన కార్లది. వాటిలో కన్వర్టర్ పనితీరు చూడటానికి దాని వెనక రెండో సెన్సర్ ఉంటుంది, స్పేసర్‌తో దాన్ని మోసం చేస్తారు. మీ బండిలో ఉన్నది ఒకటే సెన్సర్, పెట్రోల్ ఎంత పోయాలో చెప్పేది అదే. దాన్ని పొగ లోంచి పైకి లాగి గూట్లో కూర్చోబెడితే నిలవ పొగ చూస్తూ ఆలస్యంగా జవాబిస్తుంది. వద్దు.

అసలు నిర్ణయం ఇక్కడుంది: ఈ ఎగ్జాస్ట్‌ని ఏం చేద్దాం?

మొదటి దారి, మీరు ఇప్పుడున్న ఎగ్జాస్ట్‌నే ఉంచుకుని సరిచేయడం. లీకులు బాగు చేయిస్తే సగం రోగం పోతుంది. మిగిలిన సగం సెన్సర్ ఉన్న చోటు. ఫ్యాక్టరీ అమరికలో రెండు వైపుల పొగా కలిశాకే సెన్సర్ వస్తుంది, ఆరు సిలిండర్ల సగటూ దానికి తెలుస్తుంది. ఇప్పుడది ఎడమవైపు మూడింటినే చూస్తోంది. మీ కంప్యూటర్ పెట్రోల్ చిమ్మే ఆరు ఇంజెక్టర్లనీ ఒకేసారి తెరుస్తుంది, వైపుకొక లెక్క దానికి లేదు. కాబట్టి ఎడమవైపు చిన్న లీకున్నా కుడివైపు సిలిండర్లు కూడా పెట్రోల్ తాగుతాయి. ఎడమవైపు ఒక ఇంజెక్టర్ బద్ధకిస్తే కుడివైపు అనవసరంగా శిక్ష పడుతుంది. ఇంజెక్టర్లు శుభ్రం చేయించి, రెండు వైపులా సమానంగా ఉన్నాయని తేల్చుకుంటే ఒక వైపు సెన్సర్‌తోనూ నడుస్తుంది, చాలామంది అలాగే నడుపుతున్నారు. రెండు గొట్టాలూ కలిసే చోటు ఉన్న డిజైన్ అయితే ఇంకా మంచిది. రింగు మళ్లీ వెల్డింగ్ చేయాల్సి వస్తే మూడు సంగతులు చూడమనండి. సెన్సర్ అడ్డంగా గానీ కిందికి గానీ ఉండకూడదు, కనీసం 10 డిగ్రీలు పైకి వాలి ఉండాలి, లేదంటే గొట్టంలో చేరే నీటి చుక్కలు పింగాణీని పగలగొడతాయి. మూతి పొగ దారిలోకి రావాలి, రింగు లోపలే దాక్కోకూడదు. మర 18 మిల్లీమీటర్లది, ఎక్కేటప్పుడు వేళ్లతో సాఫీగా ఎక్కాలి. బిగించే ముందు పూసే పేస్టు మరలకే, మూతికి తగలకూడదు.

ఈ దారిలోనే కన్వర్టర్ కూడా తిరిగి పెట్టించుకోవచ్చు. పొగకి తక్కువ అడ్డుపడే మెటల్ కన్వర్టర్లు దొరుకుతాయి, శబ్దం కాస్త తగ్గుతుంది, వాసన బాగా తగ్గుతుంది. మీ ఇంట్లో ఇది చిన్న విషయం కాదనుకుంటా. లీకు బాగు చేయకుండా మాత్రం బిగించకండి. మండని పెట్రోలూ బయటి గాలీ కలిసి దానిలోకి వెళ్తే అక్కడే మండి, లోపలి జల్లెడ కరిగిపోతుంది.

రెండోది, సెన్సర్ తీసేసి దాని లెక్క లేకుండానే నడపడం. మొదటి మెకానిక్ చెప్పింది ఇదే. ఆయన మాటలో కొంత నిజం ఉంది, ఇదే 3.2 లీటర్ల ఇంజన్ యూరప్‌లో సెన్సర్, కన్వర్టర్ లేకుండానే అమ్ముడైంది. కాకపోతే అది అచ్చంగా మీ ఇంజన్ కాదు. యూరప్ ఇంజన్‌లో కంప్రెషన్, అంటే సిలిండర్‌లో మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందన్నది, 10.3, మీదాంట్లో 9.5. పిస్టన్లు వేరు, కంప్యూటర్‌లోని లెక్కలూ వేరు. అక్కడి చిప్ తెచ్చి ఇక్కడ పెడితే సరిపోతుందనుకోకండి. ప్లగ్ పీకి ఊరుకోవడం అంతకంటే తప్పు. ఇంజన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో మీటర్ మీది స్క్రూతో సరిచేసే ఐడిల్ మిశ్రమం ఎన్నేళ్లుగా ఎక్కడుందో ఎవరికి తెలుసు? దాని తప్పుల్ని ఇన్నాళ్లూ సెన్సర్ కప్పుకొచ్చి ఉండొచ్చు. ఈ దారిలో వెళ్లాలంటే గ్యాస్ ఎనలైజర్ పెట్టి కొలిచి సరిచేసేవాడు ఉండాలి. అప్పటికీ ఐడిల్ బాగుంటుంది తప్ప బలమేమీ పెరగదు. పూర్తిగా తొక్కినప్పుడు సెన్సర్ అడ్డే లేదని పైన చెప్పాను కదా.

చట్టం సంగతి కూడా ఇక్కడే. "పాత బండి కదా, ఎవరడుగుతారు" అనే మాట నమ్మకండి. అమెరికాలో కన్వర్టర్ తీయడం వర్క్‌షాపులకి 1977 సవరణలతో, బండి యజమానులకి 1990 సవరణలతో నిషేధం. కాలిఫోర్నియాలో 1976 మోడల్, ఆ తర్వాతి పెట్రోల్ కార్లు, మరీ కొత్తవి తప్ప, స్మాగ్ (పొగ) పరీక్షకి వెళ్లాల్సిందే, అంటే మీ బండి వయసున్నవీ అందులో ఉన్నాయి. మీరున్న చోట రూలు ఏమిటో, బండి రిజిస్ట్రేషన్‌కీ ఇన్సూరెన్సుకీ ఏం ఇబ్బందో, ఇంకో పైసా ఖర్చు పెట్టే ముందు కనుక్కోండి. నా మటుకు నేను ఈ రెండో దారి వెళ్లను.

మూడోది పాతవన్నీ తిరిగి బిగించడం. బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు ఉంటుంది, పరీక్షలు పాసవుతుంది, ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే ఇలాంటి బండ్లు కొనేవాళ్లు ఒరిజినల్ భాగాలకి విలువిస్తారు. ఆ శబ్దం మాత్రం ఉండదు. ఇంకొక ప్రమాదం ఉంది: అన్నేళ్ల కన్వర్టర్ లోపల విరిగో మూసుకుపోయో ఉండొచ్చు. పట్టుకుని మెల్లగా ఊపితే లోపల గలగలమంటే అది పనికిరాదు. రెండో మెకానిక్ ఈ దారి చెప్పడానికి కారణం లీకు వెతకడం ఆయనకి ఇష్టం లేకపోవడమేనని నా అనుమానం. పాతవి బిగించినా హెడ్ దగ్గరి జాయింటే లీకవుతుంటే అదే వాసన, అదే ఐడిల్, అదే తలనొప్పి.

మీ మాటల్ని బట్టి మీకు ఆ శబ్దం మీద మనసుంది. తప్పేం లేదు. నేనైతే లీకు బాగుచేసి, మెటల్ కన్వర్టర్ పెట్టి, పాత భాగాల్ని గుడ్డ చుట్టి అటక మీద దాస్తాను. మీ ఇంట్లో లెక్కలు మీకే తెలుసు.

మిగిలింది నాన్నగారు. ఏం చెప్పాలని అడిగారు. సంజాయిషీ ఇవ్వాల్సిన పని ఉందని నాకు అనిపించడం లేదు. అడగాల్సినవి మాత్రం ఉన్నాయి. ఆ నోట్‌బుక్ తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లండి. సెన్సర్ ఫ్యాక్టరీదా, మధ్యలో ఎప్పుడైనా మార్చారా? ఐడిల్ మిశ్రమం ఎవరైనా ముట్టుకున్నారా? హీటర్ తొడుగులకి ఇంతకుముందు ప్యాచ్ వేయించారా? ఆ పుస్తకంలో ఈ జవాబులుంటే ఏ వర్క్‌షాప్ చెప్పేదానికంటే అవి మీకు ఎక్కువ పనికొస్తాయి. సబ్బునీళ్ల పరీక్ష రోజున ఆయనకి బండి పక్కన కుర్చీ వేయండి. మోకాళ్లు వంగవు గానీ చెవులు బాగానే ఉన్నాయని ఆ రోజు గేటు దగ్గరే తెలిసింది కదా. వంగి చూడటం మీ పని, ఎక్కడ సుయ్యిమంటోందో చెప్పడం ఆయన పని. "నువ్వు ఐడిల్ చూడమన్నావు, చూస్తున్నా నాన్నా" అంటే చాలు. ఆయన అప్పటికీ ఆ శబ్దం నచ్చలేదంటే, అది వేరే సంభాషణ. బండి ఇంకా ఎవరిది అనే ప్రశ్న అందులో ఉంటుంది, తాళాలు ఇచ్చినంత మాత్రాన అది తేలిపోదు. కొత్త ఎగ్జాస్ట్ వేయించిన తేదీ నోట్‌బుక్‌లో మీరు రాయలేదని ఉత్తరం చివర పక్కమాటగా రాశారు. రాయండి. రెండు సెన్సర్లు మార్చిన సంగతి కూడా రాయండి, సిగ్గుపడక.

మీ ఆవిడకి మాత్రం క్షమాపణ బాకీ ఉన్నారు. శబ్దం పడటం లేదేమో అని మీరు అనుకున్నారు తప్ప ఆమె ఆ మాట అనలేదు. తలనొప్పి అనే చెప్పారు.

ఇంకొక్కటి, ఇది ఇవాళే చేయాల్సింది. మీ నాలుగు పేజీల్లోనూ తీసేసిన పాత సైలెన్సర్, కన్వర్టర్ ఎక్కడున్నాయో లేదు. వర్క్‌షాప్‌లోనే వదిలేసి వచ్చి ఉంటే, ఆ కన్వర్టర్ లోపల ప్లాటినం, రోడియం లాంటి ఖరీదైన లోహాలు ఉంటాయని వాళ్లకి బాగా తెలుసు. మీరు ఏ దారి ఎంచుకున్నా అవి మీ దగ్గర ఉండాలి, స్క్రాప్‌కి వెళ్లాక మూడో దారి దాదాపు మూసుకుపోతుంది. పేజీ పక్కన పెట్టి ముందు ఆ ఫోన్ చేయండి.